తొందరపడి చెప్పిన సాక్ష్యం

మంథని నుంచి కరీంనగర్ వెళ్ళే పొద్దుటి బస్సు మీరెప్పుడైనా ఎక్కి ఉంటే కండక్టరు వెస్లీ గొంతు విని ఉంటారు. మనిషి పొట్టి, పలుచన. గొంతు మాత్రం బస్టాండు ఈ గేటు దగ్గర పలికితే ఆ గేటు దగ్గర చాయ్ తాగుతున్నవాడు గ్లాసు దించి పరుగెత్తవలసినంతటిది. సెంటినరీ కాలనీ, పెద్దపల్లి, సుల్తానాబాద్, కరీంనగర్ అన్న నాలుగు పేర్లను అతడు పిలిచే తీరులో ఒక నడక ఉంది. మూడవ పేరును సాగదీసి, నాల్గవదాన్ని తుంచి వదిలేస్తాడు. ఇరవై రెండేళ్ళుగా అదే నడక. ఆ గొంతుకు మొదట పద్యం నేర్పినవాణ్ని నేనే కనుక, దానిని గురించి మాట్లాడే హక్కు నాకు కొంత ఉన్నదనుకుంటాను.

మంథని పాత ఊరు. వేదం వల్లించే ఇళ్ళు ఒకప్పుడు వీధివీధినా ఉండేవని పెద్దలు చెప్పేవారు. అటువంటి ఊళ్ళో, నేను తెలుగు పండితుడిగా చేరిన మూడవ సంవత్సరం, తొమ్మిదవ తరగతిలో ఉత్పలమాల పాదానికి తడబడకుండా గణవిభజన చేసిన ఒకే ఒక్క పిల్లవాడు మిషన్ వాడలోని వరికూలీ బక్కయ్య కొడుకు వెస్లీ. ఆ పేరెక్కడిదని బక్కయ్యను ఒకసారి అడిగాను. గుడి కట్టించిన దొరల గురువు పేరట, తనకు ఎరుక లేదు, అయ్యగారు పెట్టిండు, తాను ఒప్పుకున్నాడు, అంతే అన్నాడు. మిషన్ గుడి పాదిరిని ఆ వాడలో అయ్యగారనే అంటారు. అసలు మన వైపు పేర్ల చరిత్ర ఎవరైనా రాస్తే అది ఊళ్ళ చరిత్ర కంటె రుచిగా ఉంటుంది. ఆ సంగతి మరొకప్పుడు.

వెస్లీలో నాకు నచ్చని గుణం ఒకటుంది. మంచి కబురు అతని కడుపులో నిలవదు. పదవ తరగతి ఫలితాలు వచ్చిన రోజున తన నంబరు చూసుకోకముందే ఎవరెవరు గట్టెక్కారో వాడ వాడ తిరిగి అరిచినవాడతడు. అందులో ఒకడు తప్పాడు. ఆ తల్లి చక్కెర పంచిన తరువాత తెలిసింది. వెస్లీ ఇంటర్ అయ్యాక కరీంనగర్‌లో బీకాం చేరాడు. రెండవ ఏట బక్కయ్య పోయాడు. తల్లి బుచ్చవ్వ ఒక్కతే నాట్లకు పోతుంటే చూడలేక చదువు వదిలి ఇంటికి వచ్చాడు. తరువాత కండక్టరయ్యాడు. తాను వదిలేసిన కాలేజీ గేటు ముందు నుంచే రోజుకు రెండుసార్లు టిక్కెట్లు కొడుతూ వెళ్తాడు. ఆ గేటు వచ్చినప్పుడు అతడు ఎటు చూస్తాడో గమనించాను. డబ్బుల సంచిలోకి చూస్తాడు.

అతని కూతురు ప్రిస్కిల్లా. గత సంవత్సరం ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకొని, బీబీఏ చదువుతానన్నది. వ్యాపారం చదువుకుంటే వచ్చేది కాదని నా తరం వాళ్ళ నమ్మకం. కోమటి పిల్లవాడికి త్రాసు ఎవరు నేర్పారు? ఆ మాటే ఆ పిల్లతో అన్నాను. మంథని వడ్లు మిల్లుకు పోయి, బియ్యమై, ఎక్కడెక్కడికో పోయి, మళ్ళీ సంచిలో మన దుకాణానికే ఎట్లా వస్తున్నాయో తనకు తెలుసుకోవాలని ఉన్నదని, అది త్రాసు చెప్పదని జవాబిచ్చింది. నాకు కోపం రాలేదు. రావలసింది.

ఎంచుకోవలసినవి రెండు విశ్వవిద్యాలయాలు. ఒకటి కరీంనగర్‌లోని ప్రభుత్వ విశ్వవిద్యాలయం. అక్కడి బీబీఏలో వారానికి మూడు రోజులు తరగతులు, మూడు రోజులు ఏదో ఒక గోదాములోనో పెద్ద దుకాణంలోనో పని. రెండవది హైదరాబాదు శివార్లలో కొత్తగా వెలసిన ప్రైవేటు విశ్వవిద్యాలయం. అద్దాల భవనాలు, ఈతకొలను. ఫీజులో రాయితీ ఇస్తామన్నారు కనుక ఖర్చు పెద్ద అడ్డంకి కాలేదు. తండ్రీ కూతుళ్ళు రెండూ చూసి వచ్చారు. వెస్లీకి ఈతకొలను నచ్చింది. అతనికి ఈత రాదు. ప్రిస్కిల్లా అక్కడి వాళ్ళను, మీ పిల్లలు ఏ గోదాములకు పోతారు అని అడిగితే, మూడవ సంవత్సరంలో చూపిస్తామని చెప్పి మళ్ళీ ఈతకొలను దగ్గరికే తీసుకుపోయారట.

వాళ్ళిచ్చిన రంగురంగుల పుస్తకం వెస్లీ నా దగ్గరికి తెచ్చాడు. అందులో ఒక పుట తెలుగులో ఉంది. 'మీ భవిష్యత్తు ఇచ్చట నిర్మించబడుచున్నది' అని మొదలయింది. ఎవరు నిర్మిస్తున్నారు? తెలుగు వాక్యానికి కర్తను చెప్పడానికి సిగ్గుండదు, చెప్పకూడని పని చేసినవాడికి తప్ప. ఎర్ర కలంతో ఏడు తప్పులు దిద్ది ఇచ్చాను. ఏది మంచిది సారు అని అతడు అడగడానికే వచ్చాడు. దిద్దుబాటు ముగిసేసరికి అతని డ్యూటీ వేళయింది. లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజు నేను ఏడు తప్పులు వదిలేసి ఒక్క ప్రశ్న వేసి ఉండవలసింది. పిల్ల ఏమంటున్నది అని.

ఇప్పుడు మిషన్ గుడిలోని ఒక వాడుకను చెప్పాలి. ఆదివారం ఆరాధనలో ప్రసంగానికి ముందు సాక్ష్యాల వేళ ఉంటుంది. ఆ వారం మేలు పొందినవాళ్ళు లేచి నిలబడి, దేవుడు నాకు ఫలానా మేలు చేశాడని అందరి ముందు చెప్పి, కానుక పళ్ళెంలో వేసి కూర్చుంటారు. జ్వరం తగ్గినా చెబుతారు, గేదె ఈనినా చెబుతారు. ఒకటే నియమం. జరిగిన మేలుకే సాక్ష్యం, జరగబోయేదానికి ప్రార్థన. ఈ రెంటినీ కలపకూడదు. భూతకాలానికీ భవిష్యత్తుకూ ఉన్న తేడా నేను ముప్పై ఏళ్ళు బల్ల చరిచి చెప్పినా పిల్లలకు పట్టలేదు కాని, ఆ గుడిలో అక్షరం రాని ముసలివాళ్ళు కూడా పొరబడరు.

జూన్‌లో ఒక శనివారం సాయంత్రం వెస్లీ ఫోనుకు హైదరాబాదు విశ్వవిద్యాలయం నుంచి సందేశం వచ్చింది. అభినందనలు, మీరు ఎంపికయ్యారు అని ఇంగ్లీషులో. దరఖాస్తు పెట్టిన ప్రతివారికీ ఆ సందేశమే వెళ్ళిందని తరువాత తెలిసింది. మా వీధిలోనే మరో ఇద్దరికి వచ్చింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల సీట్ల ఫలితం ఇంకా రాలేదు. అది మంగళవారం రావాలి. రెండూ చేతికి వచ్చాక కూర్చుని తేల్చుకుందామని తండ్రీ కూతుళ్ళ మధ్య ఒప్పందం.

ఆదివారం వెస్లీ గుడిలో లేచి నిలబడ్డాడు. బస్టాండు రెండు గేట్లకూ వినిపించే ఆ గొంతుతో, దేవుడు తన కూతురికి హైదరాబాదు యూనివర్సిటీలో సీటు ఇచ్చాడని, తమ వాడ నుంచి ఇంత దూరం చదువుకు పోతున్న మొదటి ఆడపిల్ల ఈమేనని సాక్ష్యం చెప్పాడు. గుడంతా స్తోత్రం అన్నది. స్త్రీల సమాజం పెద్ద మార్తమ్మ ఏడ్చింది. కరుణాకర్ అయ్యగారు పిల్లను ముందుకు పిలిచి తలమీద చేయి పెట్టి ప్రార్థించారు. పాటల బృందంలో కూర్చున్న ప్రిస్కిల్లాకు తాను ఎక్కడ చదవబోతున్నదీ అప్పుడు తెలిసింది.

మంగళవారం కరీంనగర్ సీటు వచ్చింది. శుక్రవారం సాయంత్రం అయిదు లోపల ఆన్‌లైన్‌లో ఖాయం చేసుకోవాలి. లేకపోతే సీటు పోతుంది.

ఆ రాత్రి కాదు, మరునాడు మధ్యాహ్నం బుచ్చవ్వ కర్ర పొడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది. మూడు రోజులుగా ఇంట్లో మాటలు లేవని, వెస్లీ భార్య సలోమి ఇద్దరి మధ్య వార్తాహరిగా తిరుగుతున్నదని, సారు మాటైతే కొడుకు వింటాడని నన్ను లేవదీసుకు పోయింది. నేను వెళ్ళేసరికి వెస్లీ మంచం మీద కూర్చుని టిక్కెట్ల మిషన్ తుడుస్తున్నాడు. ప్రిస్కిల్లా గడప దగ్గర నిలబడింది.

కరీంనగర్‌లో తక్కువేమిటని వెస్లీని అడిగాను. మిషన్ తుడుస్తూనే అన్నాడు.

"తక్కువేం లేదు సారు. ఇరవై రెండేండ్ల సంది కరీంనగర్, కరీంనగర్ అని ఒర్లుతున్న. ఎవలెవలి పిల్లలనో గాడ దించొచ్చిన. నా బిడ్డెను సుత గాడ్నే దించాల్నా?"

"గాడ దిగెటోళ్ళు ఊకెనే దిగుతుండ్రా బాపు?" అన్నది ప్రిస్కిల్లా.

"నువ్వు ఊకో. నేను దేవుని ముంగట సాక్ష్యం చెప్పిన."

"చెప్పినవ్. దేవునికి చెప్పినవ్, గుడంతటికి చెప్పినవ్. నాకు చెప్పలే."

వెస్లీ మిషన్ పక్కన పెట్టాడు. బుచ్చవ్వ మనుమరాలి పక్షమో కొడుకు పక్షమో తేలకుండా గొణిగింది. "దేవుడంటే ఊకుంటడు, ఆయనకు శానా పనులుంటయ్. మార్తమ్మ ఊకుంటదా? ఆమెకు ఏం పనున్నది."

ఎవరూ నవ్వలేదు. తొందరపడ్డానని ఒక్క మాట గుడిలో చెప్పేస్తే పోతుంది కదా అన్నాను. వెస్లీ నా వైపు చూసిన చూపు నేను మరచిపోలేను. పద్యం తప్పు చదివి దొరికిపోయిన పిల్లవాడి చూపు కాదది. తప్పు చదవమని చెప్పిన పంతులును చూసే చూపు. సాక్ష్యం వెనక్కి తీసుకుంటే దేవుడిచ్చిన మేలును మొకం మీద కొట్టినట్టని, లేదా తాను అబద్ధం చెప్పినట్టని, ఈ రెంటిలో ఏది ఒప్పుకోమంటారని అడిగాడు.

అక్కడి నుంచి కరుణాకర్ అయ్యగారి దగ్గరికి పోయాను. మంచి మనిషి, మెదక్ వైపు నుంచి వచ్చినవాడు. నా మాట అంతా విని ఆరాధన క్రమం ఉన్న పుస్తకం తీసి నా ముందు పెట్టాడు.

"సారు, ఇల్లు ప్రతిష్ఠించేతందుకు క్రమమున్నది. బోరు బావికి సుత ప్రార్థన ఉన్నది. చెప్పిన సాక్ష్యం ఎన్కకు తీసుకొనే క్రమం ఇందుల లేదు."

క్రమం ఎందుకు, నిలబడి ఒక్క వాక్యం చెబితే చాలదా అన్నాను.

"చాలు. కాని గట్ల ఒకసారైతే, వచ్చే ఆదివారం సంది ఎవలు సాక్ష్యం చెప్పినా పక్కోడు 'ఖాయమేనా' అని అడుగుతడు" అన్నాడు. తరువాత ప్రార్థన చేద్దాం అన్నాడు. చేశాడు కూడా. ప్రార్థన చక్కటి తెలుగులో ఉంది. బయటికి వచ్చేసరికి నా చికాకు రెట్టింపయింది. ఒక పిల్ల ఎక్కడ చదవాలన్నది తేల్చడానికి ఇంతమంది పెద్దమనుషులం కూర్చున్నాం, ఒక్కడికీ నోరు పెగలడం లేదు.

శుక్రవారం పొద్దున కంటి డాక్టరుకు చూపించుకోవడానికి నేను కరీంనగర్ బస్సెక్కాను. వెస్లీ డ్యూటీయే. ముందు సీట్లో మార్తమ్మ ఉంది, పెద్దపల్లిలో చెల్లెలింటికి పోతున్నది. బస్సు కదలబోతుండగా ప్రిస్కిల్లా ఎక్కింది. తండ్రి ముందు ఆధార్ కార్డు చాపింది. ఆడవాళ్ళకిచ్చే సున్నా టిక్కెట్టు వెస్లీ తల ఎత్తకుండా కొట్టి ఇచ్చాడు. పిల్ల నా ముందు సీట్లో కూర్చుంది.

ఆమె ఎందుకు ఎక్కిందో సెంటినరీ కాలనీ దాటాక తెలిసింది. సీటు ఖాయం చేసుకోవాలంటే ఆధార్‌తో కలిపిన ఫోనుకు ఆరంకెల సంఖ్య వస్తుంది. ఆ ఫోను వెస్లీది. రెండు రోజులుగా అతడు తెల్లవారకముందే డ్యూటీకి పోయి పొద్దుపోయాక వస్తున్నాడు, ఫోనుతో సహా. పిల్ల తన ఫోనులో ఏదో నొక్కింది. వెనక వెస్లీ చొక్కా జేబులో టింగుమన్నది. ఆమె లేచి నడుస్తున్న బస్సులో కమ్మీ పట్టుకుంటూ అతని దగ్గరికి పోయింది.

"నీ ఫోన్ల నంబర్ వచ్చింది బాపు. చెప్పు."

"డ్యూటీల ఉన్న. తర్వాత సూద్దాం తియ్యి."

"పది నిమిషాలే ఉంటది గది."

వెస్లీ ఎవరిదో చిల్లర లెక్కించడం మొదలుపెట్టాడు. ఆ మనిషి తనకు చిల్లర ముందే ముట్టిందన్నాడు. మార్తమ్మ వెనక్కి తిరిగి, ఏం నంబరు బిడ్డా, హైదరాబాద్‌దేనా అని అడిగింది. ప్రిస్కిల్లా తండ్రి ముఖం వైపే చూస్తూ నిలబడింది. చెప్పాలనుకుంటే ఒక్క ముక్కలో బస్సంతటికీ చెప్పగల పిల్ల. ఆ మాట అతనికే వదిలింది. పది నిమిషాలు గడిచిపోయాయి. నాకు ఆవేశం ఆగలేదు, లేచి చెప్పేద్దామనుకున్నాను, గతుకులో బస్సు నన్ను కూర్చోబెట్టింది.

పిల్ల మళ్ళీ నొక్కింది. మళ్ళీ టింగుమన్నది. నడిమి సీట్లో వడ్ల బస్తా మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్న ఒక ముసలమ్మ విసుక్కున్నది. "చెప్పరాదు కండక్టరు. పోరి ఎంతసేపు నిలబడాలె. నీ సొమ్మేం పోయింది?"

వెస్లీ జేబులోంచి ఫోను తీశాడు. చేయి చాచి దూరంగా పట్టుకున్నాడు, కళ్ళద్దాలు ఇంటి దగ్గర మరచిపోతాడెప్పుడూ. ఒక్కొక్క అంకె ఆగి ఆగి చదివాడు. నాలుగు. సున్నా. ఏడు. ఆ గొంతు అంత చిన్నగా పలకడం నేను మొదటిసారి విన్నాను. ఆరవ అంకె అయ్యాక పిల్ల ఫోను చూసుకుని, తండ్రి మోచేతిని ఒకసారి పట్టుకుని వదిలి, వచ్చి కూర్చుంది. సీటు ఖాయమయింది.

మార్తమ్మ ఇంకా తిరిగే ఉన్నది. వెస్లీ ఆమె వైపు చూశాడు. "హైదరాబాద్‌ది కాదక్కా. కరీంనగర్."

"గట్లనా. అటెంక హైదరాబాదా?" అన్నది మార్తమ్మ.

ఆ ఒక్క క్షణం చాలు. కాదు అంటే రెండక్షరాలు. వెస్లీ నోరు తెరిచాడు, మూశాడు, "ఆఁ, అటెంక" అని, తరువాత పోయేది హైదరాబాదే అన్నట్టు తల ఊపి, పెద్దపల్లి దిగేవాళ్ళను పిలుచుకుంటూ తలుపు దగ్గరికి పోయాడు. నేను నా కంటి చీటీని నలిపి ఉండ చేశాను.

ప్రిస్కిల్లా కరీంనగర్‌లో చేరింది. ఆడపిల్లల హాస్టల్లో ఉంటున్నది. మూడు రోజులు తరగతి, మూడు రోజులు ఒక సరుకుల గోదాములో పని. ఏ బస్తా ఏ బండిలో ముందెక్కితే ఏ ఊళ్ళో ఎంతసేపు మిగులుతుందో నాకు వివరించింది. సగమే అర్థమయింది, చెప్పే తీరు మాత్రం ముచ్చటగా ఉంది. శనివారం సాయంత్రం తండ్రి బస్సులోనే ఇంటికి వస్తుంది, ఆదివారం గుడిలో పాడుతుంది.

నవంబరులో కోత పండుగకు నన్ను భోజనానికి పిలిచారు. కొత్త వడ్ల కంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు గుడిలో వరుసగా పెట్టి దేవునికి అర్పించే పండుగ అది. వెనక బల్ల మీద కూర్చున్నాను. కరుణాకర్ అయ్యగారు స్త్రీల సమాజం రాసిచ్చిన చీటీ చూస్తూ, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో చదువుతున్న మన బిడ్డ ప్రిస్కిల్లాను కాపాడమని ప్రార్థించారు. ఆ బిడ్డ మూడు గజాల దూరంలో పాటల పుస్తకం పట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది. గుడంతా ఆమెన్ అన్నది. అందరికంటె గట్టిగా అన్నవాడు వెస్లీ.

భోజనాల దగ్గర ఇక ఉండబట్టలేదు కాబోలు, ప్రిస్కిల్లా అన్నం వడ్డిస్తున్న మార్తమ్మ దగ్గర ఆగింది. నేను పక్కనే ఉన్నాను.

"పెద్దమ్మా, నేను కరీంనగర్‌లనే చదువుతున్న. హైదరాబాద్ పోలే."

మార్తమ్మ గరిటె ఆపలేదు. "ఎరుకే బిడ్డా. బస్సుల్నే ఎరుక. గుడి మొత్తం ఎరుకే. మీ బాపు లేసి చెప్తడేమోనని సూస్తున్నం."

"మరి ప్రార్థన?"

"మానేస్తే మాకు ఎరుకైందని మీ బాపుకు ఎరుకైతది గద. సిగ్గుపడ్తడు. పాపం ఊకో, నువ్వు చెప్పకు."

పిల్ల నా వైపు చూసింది. విస్తరి ముగించి, గోడ పక్కన గంగాళం కడుగుతున్న వెస్లీ దగ్గరికి పోయాను. ఎప్పుడు చెబుతావురా గుడిలో అని అడిగాను. అతడు చేతులు తుడుచుకుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఇంక రెండున్నరేండ్లే గద సారు. డిగ్రీ చేతికొచ్చినంక అది ఎక్కడిదని ఎవలడుగుతరు? గప్పటిదాక ఎవ్వలకు ఎరుక కాకుంట సూస్కోవాలె. మీరు సుత జర ఎక్కడ అనకుండ్రి."

ఎవ్వరితోనూ అననని మాట ఇచ్చాను. ఇంకేం చేయను? ఎంగిలి చేయి ఆరిపోతుంటే అక్కడే నిలబడ్డాను. అతడు నాకు నీళ్ళు పోశాడు.